సోనా బోటుపై ఉత్త నీటి వేట

"ఏటీ నేదు బావ. ఉత్త నీరే" అని మా బోటు డ్రైవరు నూకరాజు వైర్‌లెస్‌లో చెప్పాడు. చెప్పి, సెట్టును కొక్కేనికి తగిలించి, బీడీ వెలిగించబోయి, అగ్గిపుల్ల చేతిలో అలాగే ఉంచుకుని నా వైపు చూశాడు.

"ఏమైంది?" అన్నాను.

"నిజం సెప్పీసినాను" అన్నాడు.

విశాఖపట్నం నుంచి నాలుగు గంటల దూరంలో, ఇంజను ఆపేసి, గాలి ఎటు తోస్తే అటు జరుగుతున్న పడవలో ఉన్నాం. వెనక డెక్కు మీద డాక్టర్ వసుంధర గారు వంగి, నీళ్ళలోకి జారుతున్న సన్నటి తాడును వేళ్ళ మధ్య నుంచి వదులుతున్నారు. తాడు చివర ఒక గొట్టం ఉంది. మూడేళ్ళుగా ఆవిడ చెబుతున్న మాట నిజమో కాదో తేల్చవలసింది ఆ గొట్టమే. అందుకు ఆవిడ సముద్రాన్ని కోరింది పెద్దదేమీ కాదు. ఒక్క పూట ఎవరూ కదపకుండా ఉంటే చాలు.

నూకరాజు నిజం చెప్పిన కాసేపటికి ఉత్తరాన ఒక బోటు తల తిప్పింది. తరవాత దక్షిణాన ఒకటి. ఆ తరవాత లెక్క పెట్టడం మానేశాను.

నిజం చెబితే ఇంత ఉపద్రవం ఎందుకు వస్తుందో తెలియాలంటే మొదట ఒడ్డుకు, ద్వారకా నగర్‌లోని ఒక సోడా దుకాణానికి వెళ్ళాలి.

ద్వారకా నగర్

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక డిసెంబరు. విజయవాడ నుంచి వచ్చి రైలు దిగి ఆటో ఎక్కితే, నా వయసే ఉన్న ఆటో డ్రైవరు "ఎక్కడికి బావ?" అన్నాడు. మా వైపు ఆ వరస కలవాలంటే మధ్యలో ఒక పెళ్ళయినా జరగాలి. ఇక్కడ చిల్లర ఇచ్చేవాడు, నిప్పు అడిగేవాడు, కాలు తొక్కినవాడు, అందరూ బావలే. రెండో రోజుకి నాకూ అలవాటయింది. మూడో రోజు ఎవరో 'సార్' అని పిలిస్తే నావల్ల ఏం తప్పు జరిగిందా అనుకున్నాను.

బస్ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాను. గదిలోంచి సముద్రం కనిపిస్తుందని గుమాస్తా చెప్పాడు. కిటికీ తెరిస్తే కోచింగ్ సెంటరు బోర్డు మీద ర్యాంకులు వచ్చిన పిల్లలు వరసగా నన్నే చూస్తున్నారు. సముద్రం ఏదని అడిగితే మేడ మీదికి తీసుకెళ్ళాడు. నీళ్ళ ట్యాంకు పక్కన మునివేళ్ళ మీద నిలబడితే, రెండు భవనాల మధ్య బొటనవేలంత నీలం కనబడింది. అబద్ధం ఆడలేదు పాపం.

వసుంధర గారు సాయంత్రం కలిశారు. సముద్రం మీద పరిశోధన చేసే ఒక సర్కారు సంస్థలో శాస్త్రవేత్త. తండ్రి గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చారట. ఆవిడ పుట్టింది, పెరిగింది ఇక్కడే అయినా మాటలో గోదావరి మాత్రం ఇంకా ఇంకలేదు. ఆవిడ గురించి నాకు తెలిసింది ఒక వార్త వల్ల. 'సముద్ర గర్భంలో భారీ చేపల గుంపు: శాస్త్రవేత్తల ఆవిష్కరణ' అని ఒక పత్రిక ఆవిడ తీసిన బొమ్మను రంగుల్లో వేసింది. అది నేను పనిచేసే పత్రిక కాదు. మాకు ఆ బొమ్మ దొరకలేదు, దొరికితే మేమూ అదే శీర్షిక పెట్టేవాళ్ళం. అవి చేపలు కావని ఆవిడ పంపిన సవరణను ఆ పత్రిక వారం తరవాత, వంటింటి చిట్కాల కింద వేసింది. అది చదివి ఫోన్ చేశాను. వచ్చి చూడండి అన్నారు.

నన్ను ఆఫీసుకు కాకుండా సోడా దుకాణానికి తీసుకెళ్ళారు. రెండు సుగంధి సోడాలు చెప్పి, దుకాణం అతన్ని కలపవద్దన్నారు.

"చూడండీ. కింద సుగంధి, పైన సోడా. దేని దారి దానిదే. ఇప్పుడు చెంచా పెడతాను."

చెంచా తగలగానే గ్లాసులో సన్నటి చారలు లేచి, మెలికలు తిరిగి, ఒకదాన్ని ఒకటి చుట్టుకున్నాయి.

"ఆ సుళ్ళు కనబడ్డాయా? నా చదువంతా అదేనండి."

చారలు మాయమయ్యాయి. గ్లాసంతా ఒకే రంగు.

"కలిసిపోయాక ఏం కనబడదు. కలుస్తున్నంతసేపే కనబడుతుంది."

రాజకీయ పార్టీల విలీనాలు రాసీ రాసీ తల నెరిసినవాణ్ణి. ఆ సూత్రం నాకు వెంటనే అర్థమయింది.

బంగాళాఖాతంలో చలికాలం జరిగేది ఆ గ్లాసులో జరిగేదే అన్నారు. ఉత్తరాన్నించి గంగా, మహానదుల వరదనీరు తీరం వెంట జారుతూ వస్తుంది. ఉప్పు తక్కువ కాబట్టి అది తేలిక. కింద ఉప్పునీటి మీద మూతలాగా పరుచుకుంటుంది. ఆ మూత ఉన్నంతకాలం అడుగున ఉన్న చల్లదనం పైకి రాదు, చేపలకు మేత పెంచే సారమూ పైకి రాదు. తుఫానుకు కావలసిన వేడి పైపొరలోనే కూర్చుని ఉంటుంది. ఎక్కడైనా లోపల కెరటం విరిగి మూత చిరిగితేనే పైనీరు, కిందినీరు కలుస్తాయి. ఎక్కడ కలుస్తాయో, ఎంత కలుస్తాయో తెలిస్తే తుఫాను లెక్కల్లో ఒక అంకె తెలిసినట్టు.

ఇక ఆవిడ యంత్రం. అది నీళ్ళలోకి టిక్కుమని ఒక శబ్దం పంపిస్తుంది. అడ్డొచ్చినదాన్ని తాకి శబ్దం తిరిగి వస్తుంది. దాన్ని తెర మీద రంగులుగా చూపిస్తుంది. రాయి తగిలినా వస్తుంది, చేప తగిలినా వస్తుంది. సగం కలిసిన చల్లనీరు, వెచ్చనీరు చుట్టలు చుట్టుకున్నచోట కూడా కొంచెం వస్తుంది. మూడేళ్ళ కిందట ఆవిడ తెర మీద జడ అల్లినట్టున్న ఒక మబ్బు కనిపించింది. నీరు నీటిలో కలుస్తుండగా పట్టుకున్నాను అని ఆవిడ రాశారు. కాదు, అది కంటికి ఆనని రొయ్యజాతి పురుగుల గుంపు అని ఆ వ్యాసం పరిశీలించినవాళ్ళు తిప్పి పంపారు.

"తప్పు వాళ్ళది కాదండి. రెండూ తెర మీద అలాగే ఉంటాయి. రెండు రకాల శబ్దాలు పంపగలిగితే తేడా తెలుస్తుంది. నా దగ్గర ఒక్క గొంతే ఉంది."

అందుకని వేరే రాష్ట్రంలోని ఒక ప్రయోగశాల నుంచి గొట్టం అరువు తెచ్చారు. దాని ముక్కు చివర ఆవగింజంత గాజుపూస ఉంటుంది. గొట్టం నీళ్ళలో కిందికి పడుతూ పోతుంటే, నీటి వేడిలో వెంట్రుకవాసి వణుకు ఉన్నా ఆ పూసకు తెలుస్తుంది. తెర మీద మబ్బు కనిపిస్తుండగానే దాని గుండా గొట్టాన్ని దింపాలి. పూస వణికితే నీరు. వణక్కపోతే పురుగులు. అయితే గొట్టాన్ని ఆ వారం చివరికి తిరిగి పంపేయాలి. మార్చికి ఆవిడ ప్రాజెక్టు గడువు ముగుస్తుంది. అప్పటికి రుజువు లేకపోతే శబ్దయంత్రాన్ని చేపల లెక్కలు చూసే విభాగానికి ఇచ్చేస్తారని పైఅధికారి చెప్పారట.

"మిగతావాళ్ళ సంగతి సరే, బోటు ఓనర్లు సన్మానం చేస్తామని వచ్చారండి" అన్నారు ఆవిడ. "ఆ చోటు చెప్పమంటారు. చేపలు కావండీ అంటే, 'మాకు తెలుసులెండి మేడమ్' అని కన్ను గీటి వెళ్ళిపోయారు."

వన్ టౌన్

సంస్థకు సొంత ఓడ ఉంది. అది మరమ్మతులో ఉంది. ఎప్పటినుంచి అని అడిగితే వసుంధర గారు నవ్వి వేరే విషయం ఎత్తుకున్నారు. కాబట్టి చేపల రేవులో ఒక సోనా బోటు బాడుగకు తీసుకున్నారు. రోజుల తరబడి సముద్రంలో ఉండి వేటాడే పెద్ద మరపడవను ఇక్కడ సోనా అంటారు.

బయలుదేరే ముందు వన్ టౌన్‌లో తాడు కొనాలన్నారు. ఆ సందుల్లో ఆటో ఎదురైతే మనిషి గోడకు బల్లిలా అతుక్కోవాలి. టిఫిను తిన్నాం. ఏది అడిగినా బొంబాయి చట్నీ పోస్తారు. పూరీకి సరే. ఇడ్లీకి వద్దన్నాను. వడ్డించేవాడు జాలిగా చూసి, అల్లప్పచ్చడి కావాలంటే విజయవాడ వెళ్ళమన్నాడు. టీ రూపాయిన్నర, గ్లాసు మా వైపు గ్లాసులో సగం. దాన్ని ఊదుకుంటూ అరగంట తాగడం వాళ్ళకే చేతనవును.

తాళ్ళ దుకాణంలో షావుకారు ఏ వలకి అని అడిగాడు. వలకి కాదన్నారు ఆవిడ. పశువుకా అన్నాడు. సముద్రంలో గొట్టం దింపడానికి అన్నారు. పెట్రోలు పడిందా అని గొంతు తగ్గించి అడిగాడు. పక్క దుకాణం ఆయన కూడా ముందుకు వంగాడు. మేం తాడు తీసుకుని బయటపడేసరికి సందు చివర ఉన్నవాడు మమ్మల్ని గౌరవంగా చూస్తున్నాడు.

జట్టీ

చేపల రేవు జట్టీ మీద నూకరాజు మా కోసం కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. ఎండకు నల్లబడ్డ ముఖం, మెడలో తాయెత్తు, చేతికి కొత్త గడియారం. బోటు ముక్కుకి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి ఉన్నాయి. వసుంధర గారితో ఇదే మొదటి ప్రయాణం.

"ఏటి పట్టడానికి ఎల్తన్నాం మేడమ్?"

"ఏమీ పట్టమండి. చూస్తాం."

"ఏటి సూత్తాం?"

"నీళ్ళు."

నూకరాజు వంగి, జట్టీకి బోటుకి మధ్య నూనె తేలుతున్న నల్లటి నీళ్ళను కాసేపు చూశాడు.

"ఇయ్యి పనికిరావేటి?"

బోటులో వంట చేసే ఎర్రయ్య బియ్యం బస్తా దింపుతూ నవ్వాడు. "నీ కెందుకు బావ? నీరు సూడ్డానికి డీజిలు పోయిత్తన్నారు. సేపలు పడతామంటే పోత్తారేటి? నోరు మూసుకుని బోటు తోలు."

మొదటి రోజు

చీకటి విడిచాక రేవు దాటాం. ఎడమ వైపు ఇనప ఖనిజం ఎత్తుకుంటున్న ఓడలు, వాటి మీద ఎర్రటి దుమ్ము, ఆ దుమ్ములోనే ఆరేసిన లుంగీలు. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకపడగానే నా సెల్‌ఫోను చచ్చింది, ఆ వెంటనే నా పొట్ట తిరగబడింది. పత్రికలో ముప్పై ఏళ్ళు అన్ని రకాల వాంతులూ చూసినవాణ్ణి. ఇది మాత్రం సొంతం.

ఎర్రయ్య చేతిలో నిమ్మకాయ పెట్టి, "దూరంగా ఉన్నదాన్ని సూడు బాబు. దగ్గరిది సూత్తే కక్కుతావు" అన్నాడు. ఆ మాటను నేను సంపాదకీయాలకు కూడా వర్తింపజేసుకున్నాను.

మధ్యాహ్నానికి కుదుటపడ్డాను. ఎర్రయ్య గేలంతో పట్టిన కానాగంత చేపల్ని చింతపండు పులుసు పెట్టాడు. మా ఇంట్లో చేపల పులుసంటే ఉల్లిపాయ, ధనియాలు, మెంతులు, అయిదారు డబ్బాల మూతలు తియ్యాలి. ఇక్కడ ఉప్పు, కారం, పులుపు, చేప. అంతే. రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. "కక్కినోడే ఎక్కువ తింటాడు" అని ఎర్రయ్య అందరికీ వినపడేలా చెప్పాడు.

యంత్రాన్ని ఒక ఇనప కమ్మీకి కట్టి పడవ పక్కన నీళ్ళలోకి దింపారు. గుడారం గుడ్డ కింద తెర పెట్టారు. బోటువాళ్ళు దానికి 'మేడమ్ టీవీ' అని పేరు పెట్టుకుని పనులు తీరినప్పుడల్లా వచ్చి కూర్చున్నారు. రోజంతా అడ్డంగా, తిన్నగా ఒక గీత. మూత మీద మూత బిగించినట్టు సముద్రం నిశ్చలంగా ఉంది.

"సినిమా ఎప్పుడేత్తారు మేడమ్?" అని ఎర్రయ్య అడిగాడు.

ఆ రోజు నన్ను ఆకర్షించింది టీవీ కాదు, వైర్‌లెస్. సముద్రంలో ఉన్న బోట్లన్నీ రోజంతా ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఎక్కువగా మా బోటును పిలిచేవాడు సత్తిబాబు. ఇతను నూకరాజుకి నిజంగానే బావ, భార్యకు అన్న.

"ఏటి బావ, పడతన్నాయేటి?"

"బాగానే పడతన్నాయి. రా, నువ్వూ ఓ సేయి ఏద్దువు" అన్నాడు నూకరాజు. వలలు అసలు ఒడ్డునే వదిలేసి వచ్చాం.

"సర్లే" అని సత్తిబాబు సెట్టు కట్టేశాడు. రాలేదు.

ఇదేమిటని అడిగితే నూకరాజు ఓపిగ్గా వివరించాడు. వైర్‌లెస్‌లో చేపల సంగతి నిజం చెప్పడం మర్యాద కాదు. చేప పడితే "ఏటీ నేదు" అనాలి. పడకపోతే "బాగానే పడతన్నాయి" అనాలి. వినేవాడికి ఇది తెలుసు, చెప్పేవాడికి వినేవాడికి తెలుసునని తెలుసు.

"మరి అందరికీ తెలిసినప్పుడు అబద్ధం ఎందుకు?"

"నిజం సెప్పీత్తే ఎదటోడంటే లెక్క నేదనుకోడా బాబు. మడిసి మీద గౌరవం ఉండాల కదా."

"ఇంజను చెడితే?"

అతని ముఖం గంభీరమైపోయింది. "దానికి అబద్ధం ఆడకూడదు. ఆడితే ఇంకెవుడూ రాడు. అది వేరే."

మా ప్రెస్ క్లబ్బులోనూ ఇంతే. ఏం విశేషం అంటే ఏం లేదు అంటాం. ఏం లేదని ఎవరన్నా గట్టిగా అంటే అతని వెనకాలే స్కూటరు తీస్తాం. అయితే మా దగ్గర ఇంజను చెడినా ఎవరూ నిజం చెప్పరు.

సాయంత్రం నూకరాజు ఒక సలహా ఇచ్చాడు. సత్తిబాబు దగ్గర ఒక వల అడిగి తెచ్చి, మబ్బు కనపడ్డప్పుడు వేసి లాగితే సేపో నీరో తేలిపోతుంది కదా.

"తేలదండి" అన్నారు వసుంధర గారు. "ఆ పురుగులు మీ వల కన్నుల్లోంచి దూరిపోతాయి. పైగా మీ వల అడుగున ఈడుస్తుంది, నా మబ్బు మధ్యలో ఉంటుంది. అన్నిటికన్నా ముందు, వల వేస్తే నీళ్ళు కదులుతాయి. కలవని నీళ్ళు కూడా కలుస్తాయి. అప్పుడు మనం చూసేది సముద్రాన్ని కాదు, మనల్నే."

ఎర్రయ్య బాగా ఆలోచించాడు. "అయితే సూడకుండా ఉంటేనే సరిగ్గా కనపడద్దన్న మాట" అన్నాడు.

రెండో రోజు

ఎండెక్కాక తెర మీద గీత వంగింది. ముందు కాస్త ఉబ్బి, తరవాత తలకిందులుగా పడగ విప్పినట్టు లేచి, దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి. పసుపు, అంచున ఎరుపు. జడ పాయలు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు మబ్బు అల్లుకుంటూ పోయింది. వసుంధర గారు కుర్చీలోంచి లేచారు. కొంగు నడుముకి దోపి డెక్కు వెనక్కి నడిచారు.

బయట సముద్రం మీద ఏమీ లేదు. అరిటాకు మీద నూనె రాసినట్టు నున్నగా ఉంది. ఆ నునుపు కింద ముప్పై, నలభై మీటర్ల లోతున కొండంత కెరటం విరిగి పడుతోందని ఆ తెర అంటోంది. లేదా పురుగుల గుంపు తిరుగుతోందని అంటోంది.

గొట్టం నీళ్ళలోకి జారింది. మొదటి దింపుడు. తాడు సాగుతూ పోయింది. అది మబ్బులోకి దిగుతున్నప్పుడు తెర మీద సన్నటి గీతలా దాని దారి కూడా కనబడింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. లోతు లెక్క పెట్టుకుంటున్నారో, దణ్ణం పెట్టుకుంటున్నారో అడగలేదు.

సరిగ్గా అప్పుడే సత్తిబాబు గొంతు. "ఏటి బావ, ఇంజనాపి కూకున్నావు? ఏటి ఉందక్కడ?"

నూకరాజు కళ్ళు తెర మీద ఉన్నాయి. వెనకనుంచి ఆవిడ "ఎవరూ గట్టిగా కదలకండి" అంటున్నారు. ఆ ధ్యాసలో సెట్టు తీసి, మర్యాద మరిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఏటీ నేదు బావ. ఉత్త నీరే.

ఇంజనాపి, కదలకుండా కూర్చుని, ఏమీ లేదన్నవాడి కింద ఎంత చేప ఉండాలి?

నూకరాజు దిద్దుకోవాలనుకున్నాడు. మళ్ళీ సెట్టు తీసి, "బావా, సేపలున్నాయి, బాగా ఉన్నాయి, రండర్రా" అన్నాడు. మామూలుగా అయితే ఆ మాట వింటే ఎవడూ కదలడు. కానీ నిమిషం కింద లేదన్నవాడు ఇప్పుడు ఉందంటున్నాడంటే కంగారు పడుతున్నాడని సముద్రమంతా గ్రహించింది. అవతల ఇంకెవరో నవ్వారు. ఉత్తరాన ఒక బోటు తల తిప్పింది.

గొట్టం పైకి వచ్చాక వసుంధర గారు సంగతి విన్నారు. చెయ్యి చాచి సెట్టు తీసుకున్నారు. ఖండన ప్రకటన అనేది వార్తకు మొదటి సాక్ష్యమని నా ఉద్యోగం నాకు నేర్పింది. ఆ మాట నోటిదాకా వచ్చేసరికి ఆవిడ మీట నొక్కేశారు.

"నమస్కారమండి. ఇది ప్రభుత్వ పరిశోధన. ఇక్కడ చేపలు లేవు. కేవలం నీరు మాత్రమే ఉంది. దయచేసి ఎవరూ ఇటు రావద్దు."

వైర్‌లెస్‌లో జవాబు వచ్చింది. సత్తిబాబు గొంతు, ఎంతో వినయంగా: "అలగే మేడమ్."

ఎర్రయ్య తలమీద చెయ్యి పెట్టుకున్నాడు. "గవర్మెంటే సెప్పీసింది సేపల్లేవని. ఇంకేటి? కాకినాడోళ్ళు కూడా వచ్చీత్తారు."

పది బోట్లు

వచ్చారు. కాకినాడవాళ్ళు ఉన్నారో లేదో కాని, చుట్టూ పదికి తక్కువ లేవు. ఒక్కొక్క బోటు మా పక్కనుంచి పోతూ మేడమ్ టీవీ వైపు మెడ చాచింది. ఒకడు చేతులు జోడించాడు కూడా. తరవాత ఎవరి వల వాళ్ళు వదిలారు. వలను విప్పి ఉంచే చెక్కలు ధనధనమని నీళ్ళలో పడ్డాయి.

వసుంధర గారు నిలబడి చూస్తున్నారు. తెర మీద మబ్బు ఇంకా ఉంది, నిజానికి ముందుకన్నా దట్టంగా ఉంది. ఇంకోసారి దింపితే వల తగిలి గొట్టం పోవచ్చు. గొట్టం పరాయి సొత్తు. దింపకపోతే ఒక్క దింపుడే మిగులుతుంది. ఒక్కదాన్ని ఎవరూ నమ్మరు.

"నూకరాజు గారూ, వాళ్ళని ఇటు రాకుండా ఆపగలరా?"

"సేప మాట సెప్తే ఆగరు మేడమ్. మీరు దింపండి. నాను సెప్తాను."

గొట్టం జారడం మొదలవగానే నూకరాజు సెట్టు తీశాడు. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "ఒరే, నా బోటు ఎనక తాడుంది. కింద మా వస్తువుంది. నాను ఇంజనేసి తప్పుకోలేను. నా దగ్గిరికి రాకండి. మాటిది."

మా మీదికే వస్తున్న సత్తిబాబు బోటు అప్పటికప్పుడు పక్కకు ఒరిగింది. మిగతావి కూడా దూరం జరిగాయి. ఒక్కడు ఎదురు ప్రశ్న వెయ్యలేదు. అంతసేపూ ఒక్క మాటా నమ్మనివాళ్ళు ఆ మాటను నమ్మారు. రెండో దింపుడు పూర్తయింది. గొట్టం క్షేమంగా పైకి వచ్చింది. కాని అది దిగిన నీళ్ళ గుండా అప్పటికే మూడు వలలు పోయాయి. మూడోసారి దింపడానికి తెర మీద మబ్బు లేదు. ఎటు చూసినా చారలు, మరకలు. నీటిని ఎవరు కలుపుతున్నారో ఇక చెప్పడానికి వీల్లేదు.

వలలు లేపాక సత్తిబాబు బోటును పక్కకు తెచ్చి కేకేశాడు. "సెల్లినిచ్చినాను బావ నీకు. సేప సెప్పడానికి మనసు రానేదేటి?"

"సెప్పినాను కదేటి, ఉత్త నీరని."

"అదే అంటన్నాను. సొంత బావకి అలాగ సెప్తారేటి? పరాయోడికి సెప్పు."

వసుంధర గారు అంచుకు వచ్చి, "సత్తిబాబు గారూ, మీ వలలో ఏం పడ్డాయో నాకు చెప్పండి. నిజం చెబితే నాకు ఉపకారం అవుతుంది" అన్నారు.

"ఏటీ పడనేదు మేడమ్."

"నిజంగానా?"

"గంగమ్మతల్లి తోడు."

బోటు దూరమయ్యాక ఆవిడ నూకరాజు వైపు తిరిగారు. "తోడన్నాడంటే పడ్డాయేమో మేడమ్. పడకపోయినా అంటాడు లెండి."

ఆ పూట ఆ పది బోట్లనూ ఆవిడ వైర్‌లెస్‌లో విడివిడిగా అడిగారు. అన్నీ ఒకే జవాబు ఇచ్చాయి. సైన్సులో ఇంత ఏకాభిప్రాయం చాలా అరుదట.

ఒడ్డున

రేవుకు చేరిన సాయంత్రమే ఆవిడ రెండు దింపుళ్ళనూ కాగితం మీద గీతలుగా తీసి జట్టీ మెట్ల మీద పరిచారు. మొదటిదానిలో గీత తిన్నగా వచ్చి, సరిగ్గా మబ్బు ఉన్న లోతులో చలిజ్వరం వచ్చినట్టు వణికి, కింద మళ్ళీ కుదుటపడింది. రెండోదానిలో అదే లోతులో గీత వణకలేదు.

"మొదటిది చూస్తే నేను రైటు. రెండోది చూస్తే వాళ్ళు రైటు" అన్నారు ఆవిడ.

"రెండోసారికి వలలు పోయాయి కదండీ. కలపవలసింది అవే కలిపేసి ఉంటాయి. కలిసిపోయాక కనబడదని మీరే అన్నారు."

"అనవచ్చు. అయితే మరి మబ్బు దట్టంగా ఎందుకుంది? వలలకి బెదిరి పురుగులన్నీ ఓ చోట చేరాయని వాళ్ళంటారు. నేనే వాళ్ళ స్థానంలో ఉంటే అదే అంటాను."

నూకరాజు వెనకనుంచి వంగి గీతలు చూశాడు. అర్థం అడగలేదు. "వచ్చేసారి ఎవుడడిగినా నాను పలకను మేడమ్. సెట్టు ఇప్పి సముద్రంలో పడేత్తాను" అన్నాడు.

"పలక్కపోతే ఏమనుకుంటారు?" అన్నాను.

అతను వేళ్ళు మడిచి, రాబోయే బోట్లు లెక్క పెట్టుకున్నాడు.

స్టేషను దగ్గర మాడుగుల హల్వా కొనుక్కుని రైలెక్కాను. ఇంట్లో అందరూ సముద్రంలో ఏం చూశావని అడిగారు. నీళ్ళన్నాను. హల్వా పొట్లం విప్పుతున్నారు కాబట్టి ఎవరూ రెట్టించలేదు.

ఇది రాసేముందు వసుంధర గారికి ఫోన్ చేశాను. రెండు గీతలూ కలిపి వ్యాసం పంపారట. రెండోది దాచుకోవచ్చు కదా అంటే, ఆవిడ ఆ ప్రశ్న పట్టించుకోకుండా వ్యాసం సంగతి చెప్పుకుపోయారు. వ్యాసం తిరస్కరించలేదు, అంగీకరించనూ లేదు. మూడో దింపుడు ఒకటి, ఎవరూ కదపని నీటిలో చేసి చూపించమన్నారు. గొట్టం వెళ్ళవలసిన చోటికి వెళ్ళిపోయింది. శబ్దయంత్రాన్ని మార్చిలో చేపల విభాగం తీసుకుంది, అడిగితే ఇస్తామంది. సంస్థ ఓడ ఇంకా మరమ్మతులోనే ఉంది. ఆ రోజు ఆ లోతులో విరిగింది కెరటమో, తిరిగింది పురుగుల గుంపో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మూడో దింపుడు జరగలేదు.